చదవని వాళ్ళ లెక్క

పదకొండు వేల రెండు వందల నలభై పుస్తకాలు చచ్చాయని సోమవారం పొద్దున కాగితం వచ్చింది.

చచ్చాయి అనే మాట అందులో లేదు. "గత మూడు సంవత్సరాలుగా పాఠకుల వినియోగంలో లేనివి" అని ఉంది. ఆఫీసు భాష అంతే, దేన్నైనా ఉతికి ఇస్త్రీ చేసి మడతపెట్టి చేతికిస్తుంది. లోపల ఏముందో విప్పి చూసుకోవలసింది మనమే. మూడో అంతస్తు హాలులో ఉన్న పుస్తకాలు దాదాపు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. వాటిని బయటికి పంపేస్తారు. పుస్తకాలు పోయాక హాలు ఊరికే ఎందుకుండాలి? అందులో ముప్పై కంప్యూటర్లు పెడతారు. ఈ ముక్క చివరి పేరాలో, సంతకానికి కాస్త పైన ఉంది.

అక్క ఆ కాగితాన్ని నిలబడే చదివింది. మూడుసార్లు చదివింది.

గ్రంథాలయంలో ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. ఊడ్చేవాళ్ళకూ అక్కే, ఆఫీసరుకూ అక్కే. ఆమె పని పుస్తకాలు సర్దడం. మూడో అంతస్తులో పుస్తకాలు ఇంటికివ్వరు. అక్కడే కూర్చుని చదువుకుని, బల్ల మీద వదిలేసి వెళ్ళాలి. వదిలేసినదాన్ని తీసుకెళ్ళి దాని అరలో, దాని చోట్లో పెట్టాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ ఒక పుస్తకం పొరపాటున పక్క అరలోకి వెళ్ళిందంటే ఇక అది లేనట్టే. ఇరవై ఆరేళ్ళలో ఆమె చేతిలో అలా పోయిన పుస్తకం ఒక్కటి లేదు. ఆ సంగతి ఎవరూ ఎక్కడా రాయలేదు, అది వేరే విషయం.

ఆ హాలుకి కార్డు అక్కర్లేదు, పేరు రాయక్కర్లేదు. ఎవరైనా తలుపు తోసుకుని వచ్చి కూర్చోవచ్చు. ఆరు బల్లలు, ఇరవై నాలుగు కుర్చీలు, గోడ మీద "మాట్లాడరాదు" అనే బోర్డు. ఆ బోర్డుని అందరికన్నా గట్టిగా పాటించింది అక్కే. రోజూ వచ్చేవాళ్ళు ఇరవై మంది దాకా ఉంటారు. ఒక్కరి పేరూ ఆమెకు తెలియదు. వాళ్ళు వదిలేసిన పుస్తకాన్ని బట్టి తనే పేర్లు పెట్టుకుంది. మోటార్ల పుస్తకాలు తిరగేసేవాడు పంపుల మేస్త్రి. డ్యూటీ దిగి తెల్ల బూట్లతోనే వచ్చి చట్టాల పుస్తకాల్లో తల దూర్చేది చట్టాల నర్సు. పన్నెండేళ్ళుగా రోజూ పదకొండింటికి పక్షుల పుస్తకం రెండో భాగం ముందు పెట్టుకుని కూర్చునే పెద్దావిడ పక్షులావిడ. నర్సు ఎవరి మీద కేసు గెలవాలనుకుంటోందో, మేస్త్రికి ఏ మోటారు లొంగలేదో అక్క తనలో తనే కథలల్లుకునేది.

సాయంత్రం తన గదికి వెళ్ళి తలుపు తీస్తే, పొద్దున తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉండేది. ఆ గదిలో ఆమె కదిపితే తప్ప ఏదీ కదలదు. అందుకని ఆమెకు మనుషులంటే ఆ హాలులో వాళ్ళే. ఒక్క మాట మాట్లాడని ఇరవై మంది.

అలాంటి హాలులో పుస్తకాలు ఎవరూ ముట్టుకోలేదని కాగితం!

ఒళ్ళు మండిపోయింది. చేతిలో కాగితం నలిగేట్టు పట్టుకుని మూడు అంతస్తులూ దిగింది.

కింది అంతస్తు తిరునాళ్ళలా ఉంది. కంప్యూటర్లు పద్నాలుగు, వాటి కోసం నిలబడ్డవాళ్ళు గేటు దాకా. ఒకరు దరఖాస్తు నింపాలి, ఇంకొకరు పరీక్ష ఫలితం చూడాలి, మరొకరు పాస్‌వర్డ్ మర్చిపోయి గుమ్మం దగ్గరే తల పట్టుకున్నారు. ఇవాళ ఏ ఆఫీసుకి వెళ్ళినా "ఆన్‌లైన్లో పెట్టుకో" అని పంపేస్తున్నారు. ఇంట్లో ఆన్‌లైన్ లేనివాడు ఎక్కడికి పోవాలి? ఇక్కడికే వస్తాడు. అది అక్కకీ తెలుసు. ఆ క్యూలో నిలబడ్డవాళ్ళ మీద ఆమెకు కోపం లేదు. కోపమంతా కాగితం మీద, దాని కింద సంతకం చేసిన మేడమ్ మీద.

మేడమ్‌కి ఇంకా ముప్పై నిండలేదు. వచ్చి ఎనిమిది నెలలైంది. మాట మెత్తన, పని గట్టి.

"మేడమ్, ఇదేంటి?"

"కూర్చోండక్కా."

"కూర్చోవడానికి రాలేదు. మూడేళ్ళుగా ఎవరూ చదవలేదని ఎవరు చెప్పారు మీకు? రోజూ నలభై యాభై పుస్తకాలు సర్దుతున్నాను. అవి బల్లల మీదికి ఎలా వచ్చాయి? కాళ్ళొచ్చి నడిచాయా?"

మేడమ్ కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పింది. మొదటి అంతస్తు పక్కన అంకెలు, రెండో అంతస్తు పక్కన అంకెలు. మూడో అంతస్తు పక్కన సున్నా.

"నేను చెప్పలేదక్కా. ఇది చెప్పింది."

"దానికేం తెలుసు?"

"మనం చెబితేనే తెలుస్తుంది. బల్ల మీద దొరికిన పుస్తకాన్ని అరలో పెట్టేముందు స్కాన్ చేయాలి. అలా చేస్తే ఎవరో దాన్ని తీసి చూశారని లెక్కలోకి వస్తుంది. అందుకేగా మూడేళ్ళ క్రితం మీ నలుగురికీ చేతి స్కానర్లు ఇచ్చింది." మేడమ్ ఒక రిజిస్టరు తీసి పేజీ తిప్పింది. "ఇది మీ సంతకమే కదా?"

సంతకం ఆమెదే. కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు, దాని చోట ఏదో చల్లగా దిగింది.

"అవి పాడయ్యాయి," అంది.

"నాలుగూనా?"

"నాలుగూ."

"కంప్లెయింట్ ఎక్కడా లేదే మరి?"

అక్క కాగితం మడిచి పైకి వచ్చేసింది.

స్కానర్లు పాడవలేదు. హాలు చివరి బీరువా అడుగు సొరుగులో, ఇచ్చిన సంచుల్లోనే ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టించింది అక్కే.

అప్పుడు మూడో అంతస్తులో సర్దేవాళ్ళు నలుగురు. అప్పటి సూపరింటెండెంటు, ఇప్పుడు రిటైరయ్యాడు, ఒకరోజు వచ్చి నాలుగు సంచులు బల్ల మీద పడేశాడు. "రేపటినుంచి సర్దే ప్రతి పుస్తకానికీ దీన్ని చూపించండి. ఎన్ని సర్దారో పైవాళ్ళకి తెలియాలట," అన్నాడు. అంతే. సంతకాలు పెట్టించుకుని పోయాడు. ఆయనకీ అంతకు మించి తెలియదు కాబోలు.

ఎన్ని సర్దారో! ఆ ముక్క అక్క చెవిలో ముల్లులా దిగింది. మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర ముగ్గురినీ పోగేసింది. "ఇది పుస్తకాల్ని లెక్కపెట్టడానికి కాదు. మన చేతుల్ని లెక్కపెట్టడానికి. ఇవాళ నలభై సర్దారంటే రేపు అరవై సర్దమంటారు. అరవై సర్దితే నలుగురెందుకు, ఇద్దరు చాలంటారు. ఎవరూ దీన్ని ముట్టుకోవద్దు," అంది. ఆ భయం వట్టిది కాదు. పనివాడి చేతికి లెక్కపెట్టే యంత్రం కట్టి, ఆ లెక్కతోనే వాడి మెడ పట్టుకున్న చోట్లు ఎన్ని లేవు! నలుగురూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఒక నెల చూశారు, రెండు నెలలు చూశారు. ఎవరూ అడగలేదు. గెలిచామనుకున్నారు. అక్క జీవితంలో గెలిచిన పోరాటం అదొక్కటే. చాన్నాళ్ళు ఆ గెలుపును తలుచుకుని ఒంటరిగా నవ్వుకుంది కూడా.

ఆ తర్వాత ఇద్దరు రిటైరయ్యారు. ఒకామెను ఇంకో శాఖకి పంపారు. ఖాళీల్లో ఎవరినీ వేయలేదు. ఏ లెక్కా లేకుండానే నలుగురు కాస్తా ఒక్కరయ్యారు.

ఆ వారమంతా అక్క ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

ఆదివారం పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలు వేరే ఊళ్ళో కుట్టుపని చేస్తుంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి మిషన్ తొక్కుతూనే మాట్లాడుతుంది.

"ఏంటక్కా గొంతు అలా ఉంది? ఎవరితోనైనా పోట్లాడావా?"

"లేదు."

"పోట్లాడలేదా? అయితే నిజంగానే ఏదో అయింది. చెప్పు."

అక్క చెప్పింది. వినేకొద్దీ అటువైపు మిషన్ చప్పుడు నెమ్మదించింది, తర్వాత ఆగిపోయింది.

"ఆ స్కానర్లేవో ఇచ్చినప్పుడు, ఇవెందుకండీ అని నలుగురిలో ఒక్కరూ అడగలేదా?"

"చెప్పాల్సింది వాళ్ళు."

"వాళ్ళు చెప్పలేదు, సరే. నీకు నోరుందిగా? ఆ నోటితో ఆఫీసు ఆఫీసంతా దులిపేస్తావు. ఒక్క ప్రశ్న అడగడానికి ఏమొచ్చింది?"

"అడిగితే లొంగినట్టుంటుందనుకున్నాను."

"సరేలే, ఇంతకీ ఆ మేడమ్‌కి చెప్పావా?"

"పాడయ్యాయని చెప్పాను."

"అక్కా!"

"మొహం చెల్లలేదే."

"ఇప్పుడు చెల్లుతుందిలే. రేపు వెళ్ళి చెప్పు. నువ్వు తిట్లు తినడం నేను చూడలేదు ఇంతవరకూ, ఎలా ఉంటుందో వచ్చే ఆదివారం చెబుదువుగాని." మళ్ళీ మిషన్ మొదలైంది.

సోమవారం ఆఫీసు తెరవగానే అక్క మేడమ్ ముందు నిలబడింది. నాలుగు సంచులూ బల్ల మీద పెట్టింది.

"ఇవి పాడవలేదు మేడమ్. నేనే వాడనివ్వలేదు. మా పని కొలవడానికి తెచ్చారనుకున్నాను. మిగతా ముగ్గురూ నా మాట విన్నారు. వాళ్ళ తప్పేం లేదు."

మేడమ్ సంచుల వైపు చూసింది, ఆమె వైపు చూసింది. "పోయిన వారం వేరేలా చెప్పారు."

"అబద్ధం చెప్పాను."

"ఇది రాసి ఇస్తారా?"

"ఇస్తాను. తప్పులుంటే మీరు దిద్దుకోండి."

అక్కడే కూర్చుని రాసింది. పేజీన్నర వచ్చింది. మేడమ్ చదివి, తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది.

"ఆ సున్నాని నేను మార్చలేనక్కా. జరిగిందని మీరంటారు, జరిగినట్టు కాగితం లేదు. కానీ దీన్ని తేల్చే కమిటీ కూర్చోవడానికి ఇంకా నెల ఉంది. ఈ నెల రోజులూ స్కాన్ చేయండి. నెలకి ఇంత వచ్చింది, మూడేళ్ళకి ఎంతో ఆలోచించండి అని అడుగుతాను. ఎన్ని పుస్తకాలు కదిలితే అన్ని ఉంటాయి. ఎక్కువ కదిలితే హాలు కూడా ఉండొచ్చు. మాటివ్వను, అడుగుతాను."

"ఇది ముందే ఎవరైనా ఇలా చెప్పి ఉంటే..."

"నేనప్పుడు ఇక్కడ లేనక్కా."

నిజమే. ఆ పిల్ల అప్పుడింకా ఎక్కడో చదువుకుంటోంది.

మొదటిరోజు అక్క ఏం చేసిందో దాచిపెట్టడం అనవసరం. మోసం చేసింది. మధ్యాహ్నం హాలు పలచబడగానే స్కానర్ పట్టుకుని కిటికీ పక్క అర ముందు నిలబడి, చివరినుంచి చివరి దాకా ఎవరూ తీయని పుస్తకాలకే దాన్ని చూపించి కూ, కూ, కూ అనిపిస్తూ పోయింది. భలే ఉంది! బతికించడం ఇంత సులువా అనుకుంది. పావుగంటలో కింది నుంచి మేడమ్ ఫోన్.

"అక్కా, రెండు నిమిషాల్లో నలభై మూడు పుస్తకాలు చదివినాయన ఎవరో కాస్త కిందికి పంపిస్తారా? సన్మానం చేద్దాం."

అక్క చేతిలో స్కానర్ని బల్ల మీద పెట్టేసింది.

"వాటిని తీసేస్తున్నాను. ఇంకోసారి ఇలా వస్తే మొత్తం నెలంతా కొట్టేస్తారు. నిజమైనవే పంపండి. తక్కువైనా పర్లేదు."

సరే, నిజమైనవే. కానీ నిజమైనవి దొరకలేదు. రెండో రోజు బల్లల మీద మొత్తం కలిపి పదకొండు పుస్తకాలు. మూడో రోజు తొమ్మిది. మొన్నమొన్నటి దాకా నలభై యాభై ఉండేవి కదా, ఏమయ్యాయి? పాఠకులు వస్తూనే ఉన్నారు, కూర్చుంటూనే ఉన్నారు. నాలుగోరోజు ఆమె పని మానేసి వాళ్ళనే గమనించింది. అప్పుడు తెలిసింది. జాబితా కాగితం ఒకటి తలుపుకి అంటించి ఉంది. దాన్ని వాళ్ళూ చదివారు. ఈమె ఒక్కతే మిగిలింది, పాపం, ఇన్ని సర్దలేకపోతోంది, అందుకే హాలు మూసేస్తున్నారు అనుకున్నారు. అనుకుని, సాయం చేయడం మొదలుపెట్టారు. ఎవరు తీసింది వాళ్ళే తిరిగి అరలో పెట్టేస్తున్నారు. ఎంత జాగ్రత్తగా పెడుతున్నారంటే, వేలితో వరుస సరిచేసి మరీ పెడుతున్నారు!

అక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్ళలో వాళ్ళు తన గురించి ఆలోచించారని తెలిసిన మొదటి రోజు అది, ఆ ఆలోచనే తన కొంప ముంచుతోంది.

"చదివిన పుస్తకం బల్ల మీదే వదలండి" అని పెద్ద అక్షరాలతో రాసి నాలుగు చోట్ల అంటించింది. ఒకరు ఇద్దరు వదిలారు. మిగతావాళ్ళు అది మర్యాదకి రాసిందనుకున్నారేమో, పెట్టేస్తూనే ఉన్నారు. ఇక నోరు విప్పక తప్పలేదు. బోర్డు కిందే నిలబడి, ఇరవై ఆరేళ్ళ తర్వాత, పంపుల మేస్త్రి భుజం మీద వేలితో తట్టింది. అతను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"తప్పేమైనా చేశానా అమ్మా?"

"పుస్తకం అరలో పెట్టకండి. ఇలా వదిలేయండి."

"మీకు కష్టం కదా అని..."

"నా కష్టం నేను పడతాను. మీరు పెట్టేస్తే మీరు చదవనట్టే లెక్క."

అతను ఆ మాట ఒకటికి రెండుసార్లు నమిలి, "చదివినవాడు చదవనట్టా! బాగుంది," అన్నాడు. కానీ వదిలాడు. ఒకటి కాదు, ఆ రోజు ఐదు పుస్తకాలు వదిలాడు. నర్సుకి చెబితే, "రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టారా?" అని అడిగింది. ఆమె చదువు వృథా పోలేదు. అక్క ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోయింది. రోజు లెక్క నలభైకి ఎక్కింది, డెబ్భైకి ఎక్కింది. ఏ పుస్తకమైనా కూ అన్నప్పుడల్లా అక్క దాన్ని అరకి మేకు కొట్టి బిగించినట్టు, ఇది ఉంటుంది, ఇది ఉంటుంది అనుకునేది.

పక్షులావిడ దగ్గరికి చివరగా వెళ్ళింది. ఆవిడ ఆ రోజూ పదకొండింటికే వచ్చింది. పుస్తకం తెరిచి ఉంది. అక్క ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆ హాలులో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. పక్షులంటే అంత ఇష్టమా మీకు?" అని గొంతు తగ్గించి అడిగింది.

"పక్షులా?" ఆవిడ తెరిచిన పేజీ వైపు చూసి తడబడింది. "అవునవును, పక్షులు."

"రోజూ ఇదే తీస్తారుగా."

"తలుపు పక్క అర కదమ్మా. చేతికందుతుంది." దొరికిపోయినదానిలా చిన్నగా నవ్వింది. "నేను చదవను. ఏమీ తీసుకోకుండా కూర్చుంటే బాగుండదని ఒకటి ముందు పెట్టుకుంటాను."

"మరెందుకు వస్తారు?"

"ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. ఇక్కడా లేరనుకో. కానీ ఇక్కడ మాట్లాడకూడదని రూలుంది కదా. అందుకని అంత బాధనిపించదు."

అక్కకు తన గది గుర్తొచ్చింది, గ్లాసు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళు ఈవిడ పక్షుల గురించి తను కట్టిన కథలన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ వెళ్ళిపోయాక ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, స్కానర్ చూపించాలా వద్దా అని చాలాసేపు నిలబడింది. నిజమైనవే పంపమంది మేడమ్. ఇది నిజమా? చదవలేదు. కానీ ఈ పుస్తకం లేకపోతే ఆవిడ కూర్చోలేదు. చివరికి చూపించింది. కూ అంది యంత్రం. దానికి తేడా తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే కిందికి దిగింది.

"మేడమ్, ఊరికే కూర్చునేవాళ్ళని ఎలా స్కాన్ చేయాలి?"

"అర్థం కాలేదక్కా."

"పుస్తకం చదవరు. కంప్యూటర్ అక్కర్లేదు. దరఖాస్తు లేదు. మనుషుల మధ్య కూర్చుని పోతారు. వాళ్ళ లెక్క ఎక్కడ రాయాలి?"

మేడమ్ తెర వైపు చూసింది. పైకీ కిందికీ జరిపింది. "దానికి కాలమ్ లేదక్కా."

"పెట్టండి."

"అది నా చేతిలో లేదు, పైవాళ్ళు పెట్టాలి."

"అయితే పైవాళ్ళకి రాయండి. నేను ఇన్నాళ్ళూ పుస్తకాల కోసం కొట్లాడాను. కొట్లాడాల్సింది కుర్చీల కోసం. నాకిప్పుడే తెలిసింది."

మేడమ్ రాసింది. ఆ విషయంలో ఆమెను ఏమీ అనడానికి లేదు. ఆ రోజే రాసింది, నాలుగు రోజులాగి మళ్ళీ రాసింది. జవాబు రాలేదు.

నెల తిరిగేసరికి కదిలిన పుస్తకాలు పదమూడు వందల ఆరు. కమిటీ కూర్చుంది, లేచింది. ఆ పదమూడు వందల ఆరూ ఉంటాయి, కింది అంతస్తులో వెనక గోడ పక్కన. మిగతావి పోతాయి. హాలు కంప్యూటర్లకి. గోడ పక్కన పుస్తకాల ముందు ఆరు కుర్చీలు వేయడానికి అనుమతి. ఆ ఆరింటి కోసం మేడమ్ గంటసేపు వాదించిందట. ఇరవై నాలుగులో ఆరు. ఓడిపోయామని అనడానికీ లేదు, గెలిచామని అనడానికీ లేదు. ఇలాంటివే మనిషిని ఎక్కువ తినేస్తాయి.

అక్క మీద చర్య ఏమీ తీసుకోలేదు. చర్య తీసుకుంటే సర్దడానికి ఇంకొకరిని వేయాలి కదా.

హాలు మూసిన రోజు సభ్యులందరికీ ఫోన్లకి సందేశం వెళ్ళింది, "పఠన విభాగం కింది అంతస్తుకు మార్చబడినది" అని. అది చూసి అక్కకు చురుక్కుమంది. పైకి వచ్చేవాళ్ళెవరూ సభ్యులు కారు. కార్డు లేదు, పేరు లేదు, నంబరు లేదు. వాళ్ళకెవరు చెబుతారు? తెల్లారి నుంచి మెట్ల మొదట్లో తనే నిలబడింది. తెలిసిన మొహం రాగానే చేయి అడ్డం పెట్టి, "పైన మూశారు, అటు, వెనక గోడ దగ్గర," అని చెప్పేది. మేస్త్రి వచ్చాడు, కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. నర్సు వచ్చి, ఆరే ఉన్నాయేంటని నిలదీసింది. పదిమంది దాకా దొరికారు. కొందరు అటు వెళ్ళారు, కొందరు "అలాగా" అని గేటు వైపు తిరిగారు. మిగతావాళ్ళు రానేలేదు.

పక్షులావిడ రాలేదు. రోజూ పదకొండింటికి అక్క గేటు వైపు చూసేది. ఒక రోజు, నాలుగు రోజులు, తొమ్మిది రోజులు. జబ్బు చేసిందేమో. ఇంకేమైనా అయిందేమో. కనుక్కుందామంటే ఏమని అడగాలి, ఎవరిని అడగాలి? పన్నెండేళ్ళ పరిచయం, పేరు తెలియదు.

పదోరోజు, పన్నెండు గంటలవేళ, మేడమ్ పిలిచి హాలులో ఉండిపోయిన నిచ్చెన తెమ్మంది. ముందు మెట్ల మీద ఎవరో కంప్యూటర్ బల్లలు ఎక్కిస్తున్నారు, దారి లేదు. అక్క సైకిల్ షెడ్డు వైపు తిరిగి వెనక మెట్లెక్కింది. ఆ మెట్లు ఎవరూ వాడరని ఆమె నమ్మకం.

మూడో అంతస్తు చేరేసరికి, తాళం వేసిన వెనక తలుపు ముందు, పై మెట్టు మీద, గోడకి ఆనుకుని పక్షులావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో చేతిసంచి. చేతులు దాని మీద.

"మీరిక్కడున్నారా!"

"నేనెప్పుడూ ఇటువైపే వస్తానమ్మా. ఇటైతే ఎవరూ ఎదురుపడరు."

"పది రోజుల్నుంచీ వస్తున్నారా?"

"వస్తున్నాను."

"కింద కుర్చీలు వేయించాం. రండి, చూపిస్తాను."

"చూశాను. మొదటిరోజే దిగి చూశాను." ఆవిడ సంచి పట్టీ వేలికి చుట్టుకుంది. "కూర్చున్నాను కూడా. ఒకబ్బాయి వచ్చి, 'అమ్మా, మీకేం కావాలి?' అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు, పాపం. ఏం కావాలో చెప్పలేకపోయాను. అక్కడందరూ ఏదో పని మీద వస్తారు. నాకు పనేముంది? లేచి వచ్చేశాను."

అక్క తలుపుకున్న తాళం వైపు చూసింది. తాళంచెవి తన కొంగుకే ఉంది. తీసినా లోపల కుర్చీ ఒక్కటి లేదు, అన్నీ నిన్ననే ఎత్తుకెళ్ళారు. కిందికి రమ్మని ఇంకోసారి అనబోయింది. అనలేకపోయింది.

"ఇక్కడే ఉండండి, వస్తాను," అంది.

నిచ్చెన మాట మరిచిపోయి మూడు అంతస్తులూ దిగింది. వెనక గోడ దగ్గరికి వెళ్ళి, ఆరు కుర్చీల్లో ఖాళీగా ఉన్నదాన్ని ఎత్తి భుజానికి తగిలించుకుంది. క్యూలో నిలబడ్డవాళ్ళు తప్పుకుని దారిచ్చారు. మేడమ్ గది తలుపు దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, ఆ కుర్చీ ఎక్కడికి?"

"పైకి."

"పైనెవరున్నారు?"

"ఒకావిడ."

"ఏం చేస్తున్నారు?"

"ఏమీ చేయట్లేదు."

మేడమ్ కుర్చీ వైపు చూసింది. వెనక ఎవరో పాస్‌వర్డ్ రావట్లేదని పిలుస్తున్నారు. "మెట్ల దగ్గర కుర్చీ వేయకూడదక్కా. ఎవరైనా రాసి పైకి పంపిస్తే నా మీదికి వస్తుంది."

"నా పేరు మీద రాసుకోండి."

మేడమ్ ఇంకేదో అనబోయి, పిలుస్తున్నవాళ్ళ వైపు వెళ్ళింది. ఒప్పుకుందో లేదో తెలియలేదు.

అక్క సైకిల్ షెడ్డు వైపు నుంచి మెట్లెక్కింది. కుర్చీ బరువేం కాదు గానీ కాలు ఒకటి మాటిమాటికీ గోడకి తగులుతోంది. రెండో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. పై నుంచి చిన్న చప్పుడు వినిపించింది. ఆవిడ మెట్టు మీద పక్కకి జరుగుతోంది, కుర్చీకి చోటివ్వడానికి కాబోలు.